ఓడ వచ్చింది, ఆమె వచ్చింది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సాహిత్య పుటలో అంతరిక్ష నవలల గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. గెలాక్సీనంతటినీ ఏలే సామ్రాజ్యం, దాని మీద తిరుగుబాటు, నక్షత్రాల నడుమ యుద్ధాలు అన్నవి మన జానపద రాజకుమారుల కథలకు లోహపు తొడుగు వేసిన రచనలేననీ, వాటిని తెలుగులోకి తెచ్చుకోవలసిన అవసరం లేదనీ వ్యాసకర్త అభిప్రాయపడ్డారు. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలలో తెలుగు వ్యాకరణం బోధించి పదవీ విరమణ చేసిన నేను ఈ అభిప్రాయంతో ఏకీభవించలేకపోతున్నాను. అటువంటి నవల ఒకటి తెలుగులోకి తప్పకుండా రావాలనీ, అది వస్తే ఇంగ్లీషు మూలంలో కూడా వినిపించని ధ్వని ఒకటి మన భాషలో వినిపిస్తుందనీ మీ పాఠకులకు మనవి చేయడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవైన ఉత్తరమిది, మన్నించాలి.

వ్యాసకర్త మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇటువంటి రచనలకు ఇంగ్లీషులో ఉన్న 'స్పేస్ ఒపేరా' అన్న పేరును 1941లో విల్సన్ టకర్ అనే రచయిత మొదట వాడినప్పుడు అది తిట్టుమాటే. అరిగిపోయిన కథను అంతరిక్ష నౌకలోకి ఎక్కించి అమ్ముకునే రచనలను ఆయన ఆ మాటతో ఎద్దేవా చేశాడు. కానీ ఆ తర్వాత ఎనభై ఏళ్లు గడిచాయి. ఆ పేరుతోనే పిలిచే సాహిత్యంలో, సామ్రాజ్యం అంటే ఏమిటి, దానికి లొంగి బతికినవారి మనసులో ఏం జరుగుతుంది అన్న ప్రశ్నలను ఎంతో గంభీరంగా పట్టించుకున్న నవలలు వచ్చాయి. నేను చెప్పబోయేది వాటిలో ఒకటి. యాన్ లెకీ అనే అమెరికన్ రచయిత్రి రాసిన 'యాన్సిలరీ జస్టిస్' 2013 అక్టోబరులో వెలువడింది. అది ఆమె తొలి నవల. 2014లో హ్యూగో, నెబ్యులా, ఆర్థర్ సి. క్లార్క్ బహుమతులు మూడూ దానికే దక్కాయి. 2014లోనూ 2015లోనూ దానికి కొనసాగింపుగా మరో రెండు నవలలు వచ్చి కథ పూర్తయింది.

ఈ కథలోని సామ్రాజ్యం పేరు రాడ్చ్. దాన్ని వేల ఏళ్లుగా ఏలుతున్న అనాండర్ మియనాయ్‌కి వేల శరీరాలున్నాయి; అన్నింటిలోనూ తానే. రాడ్చ్ సేనలు ఒక గ్రహాన్ని ఆక్రమించుకున్నప్పుడు పట్టుబడినవారిలో కొందరిని శీతల గిడ్డంగుల్లో దాచి ఉంచుతాయి. అవసరమైనప్పుడు వారి శరీరాల్లో పరికరాలు అమర్చి, వారి జ్ఞాపకాలనూ పేర్లనూ తుడిచేసి, యుద్ధనౌకను నడిపే కృత్రిమ మేధకు కాళ్లూ చేతులూగా మారుస్తాయి. ఆ శరీరాలే యాన్సిలరీలు. ఓడిన గ్రహాల ప్రజలు వాటిని శవ సైనికులంటారు. అటువంటి ఒక శరీరమే మనకు ఈ కథ చెబుతుంది. ఒకప్పుడు అది 'జస్టిస్ ఆఫ్ టోరెన్' అనే మహానౌక. రెండు వేల ఏళ్లు సామ్రాజ్యాన్ని సేవించింది. కథ మొదలయ్యేసరికి ఆ నౌక లేదు, తక్కిన శరీరాలూ లేవు. బ్రెక్ అన్న పేరు పెట్టుకుని ఒకే ఒక్క శరీరం ఒక మంచు గ్రహం మీద నడుస్తూ, చక్రవర్తిని చంపగల ఆయుధం కోసం వెతుకుతూ ఉంటుంది.

ఆ నడక ఎక్కడ మొదలైందో నవల నెమ్మదిగా చెబుతుంది. పంతొమ్మిదేళ్ల కిందట, షిసుర్నా అనే గ్రహం మీద ఓర్స్ అనే నీట మునిగిన ఊరిలో, ఈ నౌకకు చెందిన ఇరవై శరీరాలు లెఫ్టినెంట్ ఔన్ అనే అధికారి కింద కాపలా పని చేసేవి. ఔన్‌ది గొప్ప వంశం కాదు. ఊరి ప్రజలతో మర్యాదగా మెలిగే మనిషి. నీటి అడుగున ఆయుధాలు దొరుకుతాయి. అక్కడ వాటిని ఎవరు దాచారన్నది తేలకముందే, స్వయంగా చక్రవర్తి వచ్చి, ఊరిలోని ఒక వర్గంవారిని గుడిలోనే కాల్చేయమని ఆజ్ఞాపిస్తుంది. ఔన్ ఆ ఆజ్ఞ పాటిస్తుంది. పాటించి ఉండవలసింది కాదని తర్వాత చక్రవర్తి ముఖం మీదే అంటుంది. అప్పుడు చక్రవర్తి, ఔన్‌ను కాల్చమని నౌకను ఆజ్ఞాపిస్తుంది. నౌక కాలుస్తుంది. కాల్చిన మరుక్షణం తుపాకీని చక్రవర్తి వైపు తిప్పుతుంది. తిరుగుబాటు అక్కడ పుట్టింది. దాని వెనుక సిద్ధాంతం లేదు, దళం లేదు, జెండా లేదు; ప్రేమించిన మనిషిని తన చేత్తోనే చంపిన ఒక పనిముట్టు ఉంది. ముగింపు నేను చెప్పను.

ఇక నన్ను ఈ ఉత్తరం రాయించిన విషయానికి వస్తాను. రాడ్చ్ ప్రజల భాషలో ఆడ, మగ అన్న భేదం లేదు. ఆ లక్షణాన్ని ఇంగ్లీషులో చూపడానికి లెకీ అందరికీ 'షీ' అన్న సర్వనామమే వాడింది. సైనికులూ, వైద్యులూ, పూజారులూ, చక్రవర్తీ, అందరూ 'షీ'యే. మంచులో పడి ఉండగా బ్రెక్ కాపాడిన సీవార్డెన్‌ను ఆ గ్రహంవాళ్లు మగవాడిగానే గుర్తిస్తారు. అయినా బ్రెక్ చెప్పే కథలో సీవార్డెన్ చివరిదాకా 'షీ'గానే ఉండిపోతుంది. చదివేవాళ్లు మొదట ప్రతి పాత్ర దగ్గరా ఆగి, ఆడా మగా అని వెతుక్కుంటారు. వంద పేజీలు దాటేసరికి వెతకడం మానేస్తారు. ఇంగ్లీషు పాఠకులకు ఇది పెద్ద అనుభవమైంది.

తెలుగులో ఏమవుతుంది? మొదటి సంవత్సరం విద్యార్థులకు మహత్తు, మహతి, అమహత్తు అన్న విభాగాలు చెప్పే రోజున నల్లబల్ల మీద ఎప్పుడూ నాలుగు వాక్యాలు రాసేదాన్ని. నాన్న వచ్చాడు. అమ్మ వచ్చింది. ఆవు వచ్చింది. ఓడ వచ్చింది. ఏకవచనంలో పురుషుడికి ఒక ప్రత్యయం. స్త్రీకీ పశువుకీ వస్తువుకీ కలిపి మరొకటి. బహువచనంలో గీత వేరేచోట పడుతుంది: నాన్నలు వచ్చారు, అమ్మలు వచ్చారు, ఆవులు వచ్చాయి, ఓడలు వచ్చాయి. ఒక్కతే ఉన్నప్పుడు వస్తువుల పక్కన నిలబడిన స్త్రీ, పదిమందిలో కలిశాక మనుషుల్లోకి వస్తుంది. ఒక ఏడాది ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మా అమ్మా ఓడా ఒకటేనా?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేను సూత్రం మరొకసారి చెప్పి కూర్చోబెట్టాను. ఆ జవాబు చాలదని నాకు అప్పుడే తెలుసు. ఈ నవల చదువుతున్నంతసేపూ ఆ ప్రశ్న నన్ను వదలలేదు, ఎందుకంటే ఇందులో కథానాయిక నిజంగానే ఓడ.

'వచ్చింది' అన్న ఒక్క క్రియలో స్త్రీనీ ఓడనూ ఇలా కలిపి ఉంచడం చుట్టుపక్కల భాషలన్నింటికీ ఉన్న గుణం కాదు. తమిళంలోనూ కన్నడలోనూ ఏకవచనంలో స్త్రీకి వేరే ప్రత్యయం ఉంది. హిందీలోనైతే 'నేను వచ్చాను' అన్న వాక్యానికి కూడా ఆడరూపం, మగరూపం ఉన్నాయి కనుక, కథ చెప్పే బ్రెక్ ఎవరన్నది మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి. మనకు ఆ ఇబ్బంది లేదు. 'నేను వచ్చాను' అన్నప్పుడు ఆ 'ను' పురుషుడిదీ కావచ్చు, స్త్రీదీ కావచ్చు, చందమామ కథలో మాట్లాడే చెట్టుదీ కావచ్చు. బ్రెక్ తన గురించి తాను చెప్పుకున్నంతసేపూ తెలుగు వ్యాకరణం ఆమెను ఏ గదిలోనూ పెట్టదు. ఇతరులు ఆమె గురించి మాట్లాడినప్పుడే చిక్కు వస్తుంది. అసలు నవలలోని చిక్కు కూడా అదే.

బహువచనంలో అది మరింత పదునెక్కుతుంది. ఇరవై శరీరాలు వీధిలో నడిచి వస్తున్నాయి. వచ్చారా, వచ్చాయా? ఇంగ్లీషులో ఈ ప్రశ్న లేదు. ఆ భాషలో మనుషులకూ కుర్చీలకూ బహువచన సర్వనామం ఒక్కటే. తెలుగు అనువాదకులు మాత్రం ప్రతి వాక్యంలోనూ తేల్చుకోవలసి ఉంటుంది. రాడ్చ్ అధికారి నోట అది 'వచ్చాయి'. ఆ ముఖాల్లో ఒకటి ఎప్పుడో మాయమైన తన చెల్లెలిదేమోనని చూసే పరాజితుల నోట 'వచ్చారు' అనే రావాలి కదా. ఒక్క 'రు', ఒక్క 'యి' మధ్య సామ్రాజ్యపు నేరమంతా ఇమిడి ఉంది. నేను పైన కథ చెబుతూ ఓర్స్ ఊరిలో ఆ శరీరాలు 'పని చేసేవి' అని రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఆగింది. తక్కిన పాఠకులకు కూడా అక్కడ చూపు ఆగాలని నా కోరిక.

ఈ చిక్కులన్నీ తప్పించుకోవడానికి సులువైన దారి ఒకటి ఉందని నా సహోద్యోగి ఒకరు సూచించారు. గౌరవార్థక బహువచనం వాడితే సరిపోతుందన్నారు. లెఫ్టినెంటు వచ్చారు, పూజారి వచ్చారు, చక్రవర్తి వచ్చారు అంటే లింగభేదం దానంతటదే పోతుంది, చెవికీ ఎబ్బెట్టుగా ఉండదు. నేను ఇందుకు ఒప్పుకోను. ఎబ్బెట్టు లేకపోతే ఈ నవల లేదు. 'చక్రవర్తి వచ్చింది', 'ప్రభువు ఆజ్ఞాపించింది' అన్న వాక్యాలు మన చెవికి గరుకుగా తగలాలి. తగిలి, పదే పదే విన్నాక అలవాటు కావాలి. పైగా గౌరవ బహువచనాన్ని అందరికీ పంచేస్తే తెలుగుకు ఉన్న మరో బలం వృథా అవుతుంది. రాడ్చ్ సమాజం అంతా అంతస్తుల మయం. ఏ వంశం, ఎవరి ఆశ్రయం, ఎవరి ముందు ఎవరు కూర్చోవచ్చు అన్నవి అక్కడ ప్రాణం కన్నా ముఖ్యం. ఇంగ్లీషులో వీటిని రచయిత్రి వర్ణించి చెప్పవలసి వచ్చింది. మనకు ఒసే, ఏమ్మా, ఏవండీ అన్న పిలుపుల్లోనూ, 'రా', 'రండి', 'విచ్చేయండి' అన్న క్రియల్లోనూ అవన్నీ సిద్ధంగా ఉన్నాయి. అందుకే సర్వనామం అందరికీ 'ఆమె'గా ఉంచి, అంతస్తును పిలుపుల ద్వారా చూపాలన్నది నా నిర్ణయం. 'అది' అన్న మాటను మాత్రం దాచుకుని వాడాలి. మన ఇళ్లలో ఆడపిల్లను 'అది ఇంకా తినలేదు' అంటే ప్రేమ. అదే మాట బజారులో పరాయి స్త్రీ గురించి అంటే అవమానం. లెఫ్టినెంట్ ఔన్ తన నౌకను 'అది' అన్నప్పుడు ఈ రెండింటిలో ఏది వినిపించాలో అనువాదకులు ప్రతిచోటా ఆలోచించాలి.

బంధుత్వాల దగ్గర నాకు ఊహించని సంగతి ఒకటి తట్టింది. కన్నవారంతా అమ్మలే, తోబుట్టువులంతా అక్కచెల్లెళ్లే అయిన భాషలో, అమ్మ తోబుట్టువు ఎప్పుడూ పెద్దమ్మో పిన్నో అవుతుంది. మేనత్త ఉండదు, మేనమామ ఉండడు. అంటే వరస కలిసే సంబంధమే ఆ లోకంలో లేదు. ఒక్క సర్వనామాన్ని మారిస్తే మన పెళ్లి వరసలన్నీ కదిలిపోతాయని వ్యాకరణం ఇన్నేళ్లు చెప్పిన నాకు ఈ నవల చదివాకే తెలిసింది.

మరో మాట. రాడ్చ్ ప్రజలు తమను తాము పిలుచుకునే 'రాడ్చాయి' అన్న పదానికి నాగరికులు అనే అర్థం ఉంది. సామ్రాజ్య పౌరులు కానివారు నాగరికులు కారని ఆ భాషే తీర్పు చెప్పేస్తుంది. ఇంగ్లీషు పాఠకులకు దీన్ని విడిగా వివరించాలి. మనకు 'పౌరుడు' పురం నుంచి వచ్చింది, 'నాగరికుడు' నగరం నుంచి వచ్చింది. రెండూ ఊరి గోడ లోపలివాళ్ల మాటలే. గోడ బయటివాళ్లకు ఏ పేర్లు మిగిలాయో మనకు తెలుసు. అలాగే గ్రహాల ఆక్రమణకు సామ్రాజ్యం వాడే మెత్తని మాటకు 'విలీనం' అని రాసుకున్నాను. 1948 సెప్టెంబరు 17ను ఏ పేరుతో పిలవాలన్న వాదం ఇంకా చల్లారని చోట ఆ మాట ఎంత బరువైనదో తెలిసే రాసుకున్నాను.

ఇది మనకు దూరపు కథ అనేవారికి 1780 అక్టోబరు గుర్తు చేస్తాను. హైదరాలీ మీద యుద్ధానికి ఓడలెక్కి మద్రాసు వెళ్లమన్న కంపెనీ ఆజ్ఞను విశాఖపట్నంలోని సిపాయిలు ధిక్కరించారు; తమ పై అధికారుల మీదే తుపాకులు తిప్పారు. 1806 జులైలో వేలూరు కోటలోనూ మద్రాసు సైన్యపు సిపాయిలే తిరగబడ్డారు. సామ్రాజ్యానికి ఎదురు నిలిచినవారి కథలు, మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటం వంటివి, మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం, చెప్పుకోవాలి కూడా. కానీ సామ్రాజ్యం చేతిలో ఆయుధంగా ఉండి, దాని జీతం తిని, దాని ఆజ్ఞ మీద సాటివారిని కాల్చి, ఒకరోజు ఇక కాల్చనన్న మనిషి లోపల ఏం జరిగిందో మన నవల తక్కువగా పట్టించుకుంది. బ్రెక్ కథ సరిగ్గా అక్కడ నిలబడి ఉంది. అందుకే విశాఖ సిపాయిల గురించి తెలిసిన ప్రాంతంలో ఈ కథకు చెవులు దొరుకుతాయని నా నమ్మకం.

రెండవ నవలలో కొంత కథ తేయాకు తోటల్లో నడుస్తుంది. వేరే గ్రహం నుంచి తరలించి తెచ్చిన జనం అక్కడ తరతరాలుగా ఆకు కోస్తూ, యజమాని అప్పు నుంచి బయటపడలేక బతుకుతారు. రాడ్చ్ మర్యాదలన్నీ తేనీటి చుట్టూ తిరుగుతాయి. ఆ తేనీరు ఎవరి చేతుల మీదుగా వస్తుందో అక్కడ బయటపడుతుంది. గంజాం, విశాఖ జిల్లాల నుంచి అస్సాం తేయాకు తోటలకూ, మేస్త్రీల వెంట బర్మాకూ, కూలీలను చేర్చుకుపోయే కంగాణీల వెంట మలయా రబ్బరు తోటలకూ, మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు పొలాలకూ వెళ్లిన కుటుంబాల సంతతి ఇప్పటికీ ఉంది. మా విజయనగరం వైపు రంగం, అంటే రంగూన్, వెళ్లిన తాతల ముచ్చట లేని ఊరు అరుదు. వారికి ఈ పుస్తకం వింత లోకపు కథగా తోచదు.

తెలుగు పాఠకులు ఇటువంటి బరువు మోయలేరన్న మాటను నేను ఒక ప్రచురణ సంస్థలో స్వయంగా విన్నాను. "అంతరిక్షం అంటే పిల్లలు కొనాలి, మీదేమో పిల్లలు చదివేది కాదు" అని అక్కడివారు పుస్తకం తెరవకుండానే తిరిగి ఇచ్చారు. నా తరం మాస్కో నుంచి వచ్చిన అనువాదాలు చదివి పెరిగింది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు అక్కడ కూర్చుని మన కోసం తెలుగు చేస్తే, నోరు తిరగని పేర్లను కూడా ఇష్టంగా నేర్చుకున్నాం. ఆఫ్రికా నుంచి గొలుసులతో తరలించిన ఒక వంశపు గాథను సహవాసి 'ఏడుతరాలు'గా ఇస్తే, అది ఊరూరా చేతులు మారింది. అప్పుడు కుంటా కింటేను తనవాడిగా చేసుకున్న పాఠకులకు ఇప్పుడు బ్రెక్ పరాయిది ఎందుకవుతుంది?

నేను తొలి నాలుగు అధ్యాయాలను నోటుపుస్తకంలో తెలుగు చేసి చూసుకున్నాను. రచయిత్రి అనుమతి లేనిదే వాటిని అచ్చువేయడం తగదు. ఆ అనుమతి కోరవలసింది ప్రచురణకర్తలు. ఎవరైనా పూనుకుంటే నా రాతప్రతిని ఏ ప్రతిఫలమూ లేకుండా ఇస్తాను. నాకన్నా సమర్థులైన అనువాదకులు దొరికితే వారికే ఇచ్చి, ప్రూఫులు దిద్దే పని తీసుకుంటాను.

ఒక సందేహం మాత్రం తీరలేదు. 'యాన్సిలరీ'కి ఏ మాట వాడాలి? లాటిన్‌లో 'ఆంకిల్లా' అంటే దాసి; ఆ పదం అక్కడి నుంచే వచ్చింది. 'దాసి' అంటే మనిషితనం మిగిలే ఉంటుంది, 'ఉపాంగం' అంటే యంత్రం ఒక్కటే కనిపిస్తుంది, 'అనుబంధం' అంటే మీ ఆదివారం సంచిక గుర్తుకు వస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లోనో, పాలమూరు వైపో, ఒకరి పనికి పూర్తిగా కట్టుబడిపోయిన మనిషికి వాడే పాతమాట ఏదైనా, తిట్టు కానిది, మీ పాఠకుల్లో పెద్దలకు తెలిసి ఉంటే ఈ శీర్షికకు రాసి పంపవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపన్యాసకురాలు,
విజయనగరం